కేబుల్ క్లచ్, నూనె క్లచ్, జగదీశ్ ఎడమ కాలు

ముందే చెప్పేస్తాను

పాత స్పోర్ట్స్ కార్లను మోజుపడి బాగుచేయించుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాటి మీద పని దొరికిన ప్రతి కుర్ర మెకానిక్కూ ఎవరో నా ఇంటి దారి చూపిస్తారు. వచ్చి కూర్చుని, టీ తాగి, అందరూ అడిగేది ఒకటే. "తాతా, కేబుల్ క్లచ్ మంచిదా, హైడ్రాలిక్ మంచిదా?"

నాకు తెలియదు. ఇదేమీ వినయం కాదు. పని మానేసిన తర్వాత కూడా దీని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను, ఒకరోజు ఒకటి అనిపిస్తుంది, ఇంకోరోజు ఇంకొకటి. పైగా ఈ ప్రశ్న వినగానే నాకు క్లచ్ గుర్తుకు రాదు, ఒక కాలు గుర్తొస్తుంది. ఆ కాలు విషయంలో నేను చేసింది చెబితే, ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లకు ఏమైనా పనికొస్తుందేమో. రాకపోయినా నా గుండెల్లో బరువు కొంత దిగుతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కేబుల్ క్లచ్ అంటే పెడల్ తొక్కినప్పుడు ఒక ఉక్కు తీగ సాగి అవతలి మీటను లాగుతుంది, దాంతో ఇంజనుకూ గేర్లకూ మధ్య పట్టు విడిపోతుంది. హైడ్రాలిక్‌లో తీగ ఉండదు. పెడల్ దగ్గర ఒక చిన్న సిలిండరు, కింద గేర్‌బాక్సు పక్కన ఇంకొకటి, రెండింటినీ కలుపుతూ సన్నని గొట్టం, దాని నిండా బ్రేక్ ఆయిల్. పైన తొక్కితే ఆ నూనె కింది మీటను తోస్తుంది. మేము దాన్ని నూనె క్లచ్ అనేవాళ్లం.

గుడి నుంచి కార్ఖానాకు

మాది పాతబస్తీలో గుడి సేవ చేసుకునే కుటుంబం. మా నాన్న అర్చన చేసేవాడు. నా చిన్నతనమంతా పూజ పాత్రలు చింతపండుతో తోమడంలోనే గడిచింది. ఒక్క మరక కనిపించినా మళ్లీ మొదటి నుంచి తోమించేవాడు. ఆ పని తప్పించుకోవడానికే నేను మాదన్నపేట దగ్గర ఘౌస్ ఉస్తాద్ కార్ఖానాలో చేరానని మా అమ్మ అనేది. తీరా చేరాక అక్కడ నేను చేసింది కూడా తోమడమే.

ఉస్తాద్ ఒక నవాబు దేవిడీలో, అంటే పెద్ద మహల్లో, మోటార్లు చూసుకుని వచ్చినవాడు. జాగీర్లు పోయి, దేవిడీల్లో ఉన్న విలాయతీ కార్లు ఒక్కొక్కటిగా బయటికి అమ్ముడుపోతున్న రోజులవి. యాభైల దశకం అంతా మాకు చేతినిండా పని. ఏ భాగం విప్పినా నేను దాన్ని కిరోసిన్‌లో ముంచి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, పైన పల్చగా ఇంజన్ ఆయిల్ పూసి గానీ మళ్లీ బిగించేవాణ్ణి కాదు. ఉస్తాద్ నవ్వేవాడు.

"ఏం పంతులూ, నీ నట్టుబోల్టులకు బొట్టు ఒక్కటే తక్కువున్నది" అనేవాడు. గిరాకీలు వచ్చినప్పుడు మాత్రం నా పని చూపించి గర్వంగా చెప్పుకునేవాడు. "మా పంతులు చేసిన బండి చూడున్రి. ఇంజన్ల మొకం కనవడ్తది."

ఉస్తాద్ చేతిలో పనితనం ఉంది, మనసులో దయ ఉంది. ఆయనకున్న లోపం ఒక్కటే. నాకు తెలియదు అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. తెలియనిచోట కూడా ఏదో ఒకటి తేల్చి చెప్పేసేవాడు. ఆ జబ్బు నాకూ అంటుకుంది, దాని సంగతి ముందు ముందు చెబుతాను.

చిన్న సేఠ్

లాడ్ బజార్‌లో బుచ్చయ్య సేఠ్ అని గాజుల హోల్‌సేల్ వ్యాపారి ఉండేవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు జగదీశ్. చిన్నప్పుడొచ్చిన జ్వరంలో జగదీశ్ ఎడమ కాలు సన్నబడిపోయింది. నడవగలడు, కానీ చేత్తో తొడను నొక్కిపట్టుకుని నడవాలి. బడికి పనివాడి భుజం మీద పోయాడు, కాలేజీకి రిక్షాలో పోయాడు. రిక్షా ఆగేలోపే ఎవరో ఒకరు చంకల కింద చేతులు పెట్టి దింపేసేవాళ్లు. ఇరవై రెండేళ్లు వచ్చినా అదే వరస.

సేఠ్ మూసీ అవతల సుల్తాన్ బజార్‌లో ఇంకో దుకాణం తెరవబోతున్నాడు. అది తనకు కావాలని జగదీశ్ అడిగాడు. సేఠ్ చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు. "నిన్ను ఎత్తి కూసోవెట్టేటోళ్లు రోజూ ఎవరున్నరు బిడ్డా" అన్నాడట. ఎవరూ ఎత్తనవసరం లేదు, నా బండి నేనే నడుపుకుంటూ పోతాను, వస్తాను అన్నాడు జగదీశ్. దసరాకు దుకాణం ప్రారంభం. ఆలోపు కొడుకు ఒక నెల రోజులు ఎవరి సాయమూ లేకుండా పోయి రాగలిగితే దుకాణం అతనిది. లేకపోతే మేనల్లుడికి. ఇదీ తండ్రీకొడుకుల మధ్య ఒప్పందం.

జగదీశ్ ఏరుకున్న బండి ఒక దేవిడీ నుంచి వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు, తలుపు తొడ ఎత్తు కూడా ఉండదు. బజారంతా నవ్వారు. కానీ అంత కిందికి ఉండే సీటులోకి అతను ఎవరి చేయీ పట్టుకోకుండా జారి కూర్చోగలిగేవాడు. పెద్ద కార్లలో అది కుదరలేదు. ఆ సంగతి నవ్వినవాళ్లలో ఎవరికీ తట్టలేదు, మొదట్లో నాకూ తట్టలేదు.

తీగతో నా తంటాలు

ఆ కారుది కేబుల్ క్లచ్. పెడల్ రాయి మాదిరిగా ఉండేది. జగదీశ్ ఎడమ చేత్తో మోకాలిని కిందికి అదిమి క్లచ్ తొక్కేవాడు. ఆ సమయంలో స్టీరింగు ఒక్క చేతి మీద, గేరు మార్చేటప్పుడు అసలు ఏ చేతిలోనూ ఉండదు. పత్తర్‌గట్టి సందడిలో అలా నడిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కేబుల్‌ను తేలిక చేయడానికి నాకు తెలిసిన విద్యలన్నీ చూపించాను. తీగ తీసి కిరోసిన్ స్నానం చేయించి, కొత్తగా గ్రీజు పట్టించి, వంపులు తగ్గించి మళ్లీ వేశాను. కొంచెం తేలికయింది. కింది మీటను రెండంగుళాలు పొడుగు చేశాను. పెడల్ బాగా తేలికయింది, కానీ ఇప్పుడు క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. గేరు వేస్తే కీచుమని అరిచేది. మీటను అంగుళం తగ్గించాను. అరుపు తగ్గింది, బరువు పెరిగింది. అటు జరిపితే ఇటు, ఇటు జరిపితే అటు. నెలరోజులు ఆ అంగుళంతోనే కుస్తీ పట్టాను.

"ఛోడ్ రే, ఇగ ఇడిసిపెట్టు" అన్నాడు ఉస్తాద్. "తీగెకు లాగుడు ఒక్కటే తెలుసు. తేలికగ కావాల్నంటే నూనె క్లచ్ బండి తెప్పియ్యి. వేలుతోని ఒత్తితే చాలు."

ఆయన అప్పటికి నూనె బ్రేకులు బాగుచేశాడు గానీ నూనె క్లచ్ ఒక్కటీ విప్పలేదు. నేనూ విప్పలేదు. అయినా ఆ సాయంత్రమే పోయి బుచ్చయ్య సేఠ్‌కు నాకంతా తెలిసినట్టు చెప్పాను. బేగంపేటలో ఒక విమానాల అధికారి బదిలీ మీద పోతూ తన స్పోర్ట్స్ కారు అమ్ముతున్నాడని విన్నాను. అలాంటిదే, ఎత్తు కూడా అంతే, కొత్త రకం. నా మాట మీద సేఠ్ పాతది ఇచ్చేసి అది కొన్నాడు.

జగదీశ్ మొదటిసారి దాని పెడల్ తొక్కిన రోజు నాకింకా గుర్తుంది. చేయి మోకాలి మీదికి పోయింది, అలవాటు కదా. కానీ చేయి పడకముందే పెడల్ కిందికి పోయింది. అతను నన్ను చూసి, మళ్లీ పెడల్‌ను చూసుకున్నాడు. తర్వాత రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి నాలుగైదుసార్లు ఊరికే తొక్కాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆలస్యంగా వచ్చే పెడల్

కింది సిలిండరు దగ్గర కొంచెం నూనె చెమ్మ కనిపించింది. పాత యజమాని కారుతోపాటు కొత్త రబ్బరు కప్పులు రెండు జతలు ఇచ్చాడు. సిలిండరు లోపల నూనె పక్కకు కారకుండా ఆపేవి ఆ చిన్న కప్పులే. మార్చేద్దామని రెండు సిలిండర్లూ విప్పాను. నా పద్ధతి ప్రకారం అన్నింటికీ స్నానం చేయించాను. సిలిండర్లు, గొట్టం, కొత్త రబ్బర్లు, అన్నీ కిరోసిన్‌లో ముంచి రుద్ది, తుడిచి, ఇంజన్ ఆయిల్ పూసి బిగించాను. జగదీశే పెడల్ తొక్కుతుంటే గొట్టంలో గాలి తీశాను. అంత శుభ్రంగా ఏ పనీ చేయలేదని నా మీద నాకే ముచ్చటేసింది.

అతను రోజూ సుల్తాన్ బజార్ దాకా పోయి రావడం మొదలుపెట్టాడు. నాలుగో రోజో ఐదో రోజో కార్ఖానా ముందు కారాపాడు.

"అన్నా, పెడల్ పోవుడు మంచిగనే పోతున్నది. వదిలితే ఎంటనే వస్తలేదు. నా కాలు మీదికొచ్చినంక అది ఎనుక వస్తున్నది."

నేను కారులో కూర్చుని తొక్కి చూశాను. నా కాలికి ఏమీ తెలియలేదు. మంచి కాలు కదా, పెడల్ సంగతి పట్టించుకోవాల్సిన అవసరం దానికెప్పుడూ రాలేదు.

"బండి మంచిగున్నది చిన్న సేఠ్. నీ కాలుకు ఇంకా అలవాటు కాలేదు, గంతే" అన్నాను.

అతను తన కాలు వైపు చూసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి అదే మాట చెప్పాడు. నేను కూడా అదే మాట చెప్పాను. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా పర్వాలేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ నేను కాలు మీదికే నెట్టాను.

నయాపూల్ మీద

వినాయక చవితికి రెండు మూడు రోజుల ముందు. పొద్దున్నే జగదీశ్ మదీనా చౌరస్తా దాటి మూసీ మీది నయాపూల్ వంతెన ఎక్కాడు. ముందు ధూల్‌పేట్ నుంచి చిన్న చిన్న మట్టి వినాయకులను గడ్డిలో సర్దుకుని పోతున్న తోపుడు బండి. పోలీసు చేయి ఎత్తితే అందరూ ఆగారు. చేయి దించాడు. జగదీశ్ క్లచ్ వదిలాడు. పెడల్ సగం దాకా వచ్చి నిలిచిపోయింది.

ఇంజను అరుస్తున్నది, కారు కదలడం లేదు. వెనక బస్సు హారను, టాంగావాళ్ల కేకలు. "కాలు లేనోనికి కారెందుకురా" అని ఎవడో అరిచాడు. ఆ మాటకు కుడికాలు ఇంకా గట్టిగా పడిందని జగదీశ్ నాతో తర్వాత చెప్పాడు. సరిగ్గా అప్పుడే క్లచ్ ఒక్కసారిగా పట్టుకుంది. కారు ఎగిరి ముందుకు దూకి తోపుడు బండి చక్రాన్ని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఐదారు వినాయకులు రోడ్డు మీద పడి ముక్కలయ్యారు.

జనం పరుగెత్తుకొచ్చి జగదీశ్‌ను చంకల కింద పట్టి లేపి ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టారు. నేనే దిగుతా, నేనే దిగుతా అని అతను అంటూనే ఉన్నాడట. ఎవరూ వినలేదు.

నాకు కబురొచ్చి లాడ్ బజార్ చేరేసరికి దుకాణం ముందు ఇరవైమంది ఉన్నారు. సేఠ్ ముఖం పాలిపోయి ఉంది.

"చవితి ముంగట వినాయకుని మీదికే తోలిండు" అంటున్నాడు. నన్ను చూడగానే లేచాడు. "పంతులూ, నువ్వు చెప్పు. బండిల ఏమన్న తప్పున్నదా?"

అందరూ నా వైపు చూశారు. మూల బల్ల మీద జగదీశ్ కూర్చుని ఉన్నాడు. అతనూ చూశాడు.

"బండిల ఏం తప్పు లేదు సేఠ్. మొన్ననే అంత నా చేతులతోని కడిగి బిగించిన" అన్నాను.

అబద్ధమని తెలిసి చెప్పలేదు. నిజమనే అనుకున్నాను. కానీ నాకు తెలియదు అనవచ్చు కదా? చూసి చెప్తాను అనవచ్చు కదా? ఆ మాట నోటికి రాలేదు. సేఠ్ తల ఊపి, కారు తాళం చెవి మొలలో దోపుకున్నాడు. సుల్తాన్ బజార్ దుకాణం మేనల్లుడికే అన్నాడు.

తలా ఒక మాట

ఇంటికి పోయినా నాకు అన్నం సయించలేదు. "ఎనుక వస్తున్నది" అన్న అతని మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆలస్యంగా వచ్చే పెడల్, సగంలో నిలిచిన పెడల్, రెండూ ఒకటేనా? సన్నకాలు పెడల్‌ను గట్టిగా తొక్కలేకపోవచ్చు. కానీ పైకి రాకుండా ఆపేంత బలం దానికి ఎక్కడిది?

ఉస్తాద్‌ను అడిగాను. "గాలి చొర్రింది, ఇంకేముంటది" అన్నాడు. గాలి చొరబడితే పెడల్ మెత్తబడాలి, ఇరుక్కోకూడదు. మూసీ అవతలి పెద్ద గ్యారేజీలో ఒక మెకానిక్‌ను అడిగితే క్లచ్ ప్లేటుకు నూనె అంటింది అన్నాడు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర ఒక లారీ డ్రైవరు స్ప్రింగు విరిగిందని ఒట్టేసి చెప్పాడు. ముగ్గురూ నూటికి నూరుపాళ్లు నమ్మకంగానే చెప్పారు. నా తల తిరిగిపోయింది.

మర్నాడు సేఠ్ ఇంటి వెనక వాకిట్లోనే, కారును కదిలించకుండా, రెండు సిలిండర్లూ విప్పాను. బండి చూడాలంటే ఇంటి పనివాళ్లు వద్దనలేదు. పై సిలిండరులో పిస్టన్ బిగుసుకుపోయి ఉంది. చెక్క పుల్లతో తోసి బయటికి తీస్తే రబ్బరు కప్పు జిగటగా, లావుగా ఉంది. మురికి పట్టిందనుకున్నాను. నాకు ఇంకేం తోస్తుంది? కార్ఖానాకు తీసుకెళ్లి మళ్లీ కిరోసిన్‌లోనే వేశాను. ఈసారి రుద్ది ఊరుకోకుండా మరునాటి దాకా నానబెట్టాను.

మరునాడు తీసి చూస్తే సిలిండరులో పట్టనే లేదు. ఎంత నొక్కినా పోలేదు. ఎంత కడిగితే అంత చెడుతున్నది. మా నాన్న నాకు నేర్పిన లోకంలో అలాంటి వస్తువు లేదు. పీట మీద కూర్చుని ఆ నల్లటి రబ్బరు ముక్కను చేతిలో తిప్పుతూ ఉండిపోయాను, నాకు ఏడుపొచ్చింది.

రెండు గ్లాసులు

మిగిలిన కొత్త జత గుర్తొచ్చింది. పక్కన పెట్టి చూస్తే నేను కడిగినది దానికంటే స్పష్టంగా పెద్దది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. రెండు గాజు గ్లాసులు తెచ్చాను. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకొకదాంట్లో బ్రేక్ ఆయిల్ పోసి, కొత్త జతలోంచి తలా ఒక రబ్బరు వేసి, కిటికీలో పెట్టాను. సాయంత్రానికే తేడా తెలిసింది. బ్రేక్ ఆయిల్‌లో ఉన్నది ఎలా వేశానో అలాగే ఉంది. కిరోసిన్‌లోది ఉబ్బింది.

ఉస్తాద్‌ను పిలిచి చూపించాను. రెండూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"మేరేకు నై మాలూమ్ థా రే పంతులూ" అన్నాడు. నాకు తెలియదురా అని. ఆయన నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే. కార్ఖానాలో కిరోసిన్ రాజ్యమేలుతున్నన్నాళ్లూ నూనె బ్రేకులు రెండు మూడు నెలలకే మొరాయించడం మాకు మామూలే. రోడ్లు బాగాలేవు, డ్రైవర్లు మొరటువాళ్లు అని సరిపెట్టుకునేవాళ్లం. ఎంతమంది డ్రైవర్లను తిట్టామో లెక్కలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం సీటు వెనకాలే ఉంది. ఈ భాగాలను బ్రేక్ ఆయిల్‌తో తప్ప దేనితోనూ కడగవద్దని అందులో రాసే ఉందని తర్వాత జగదీశ్ చదివి చెప్పాడు. ఉర్దూలో చదువుకున్న నేను దాన్ని విప్పనే లేదు. చదవగలిగినవాణ్ణి పక్కనే పెట్టుకుని, చదివి చెప్పమని అడగనూ లేదు.

గాజుల మధ్య

సేఠ్‌కు చెప్పాలి. ధైర్యం చాలక రెండు రోజులు ఊరికే తిరిగాను. చెబితే నా పేరు పోతుంది, కార్ఖానా పేరు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తప్పు అతని కాలిదేనని బజారంతా ఎలాగూ నమ్ముతున్నారు. ఆలోచన ఇక్కడికి వచ్చినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది.

మూడో రోజు ఉబ్బిన రబ్బరు, కొత్త రబ్బరు కాగితంలో చుట్టుకుని లాడ్ బజార్ వెళ్లాను. దుకాణం నిండా గిరాకీ. జగదీశ్ లోపలి గదిలో గాజుల జతలు దారాలకు కట్టిస్తున్నాడు. గిరాకీ పలచబడేదాకా ఆగుదామనుకున్నాను. కానీ ఆ రోజు చెప్పిన మాట అందరి ముందరే చెప్పాను కదా?

"సేఠ్, మొన్న బండిల తప్పు లేదన్న. తప్పున్నది. నేనే జేసిన."

రెండు రబ్బర్లూ గల్లాపెట్టె మీద పెట్టాను. కిరోసిన్‌తో కడిగిన సంగతి, గ్లాసుల సంగతి చెప్పాను. సేఠ్‌కు సగం అర్థమైంది, సగం కాలేదు.

"కడిగితే కరాబైతదా? గిదేం లొల్లి పంతులూ?"

"నాకు గూడ మొదలు సమజ్ కాలే. పిలగాడు రెండుసార్లొచ్చి పెడల్ ఎనుక వస్తున్నదని చెప్పిండు. నేనే ఇనలే. నీ కాలుకు తెల్వదన్న."

సేఠ్ ఆ రెండు రబ్బర్లనూ వేళ్ల మధ్య పెట్టుకుని పోల్చి చూశాడు. మెల్లగా అడిగాడు. "అంటే తప్పు కాలుది గాదా?"

"కాదు సేఠ్."

"కాలు మంచిగనే తొక్కిందా?"

"అందరికన్న ముందు దానికే తెలిసింది."

లోపలి గదిలో గాజుల చప్పుడు ఆగిపోయింది. సేఠ్ మొలలోంచి తాళం చెవి తీశాడు, కానీ వెంటనే ఇవ్వలేదు. "దసరాకు ఇంక నెల దినాలున్నయి, మళ్ల మొదటికెల్లి జూద్దం. గని ఒక్క షరతు. మొదటి రోజు నువ్వు పక్కన కూసొని తీస్కపోవాలె. మళ్ల తీస్కరావాలె" అన్నాడు.

నగరంలో వెతికి కొత్త రబ్బర్లు తెచ్చాను. ఈసారి బ్రేక్ ఆయిల్‌తో తప్ప దేనితోనూ తడపలేదు. కడగకుండా బిగిస్తుంటే నా చేయి రెండుసార్లు కిరోసిన్ డబ్బా వైపు పోయింది.

పీచు చాప

ఇద్దరం బయల్దేరాం. పత్తర్‌గట్టి దాకా బాగానే ఉంది. మదీనా దగ్గర గేరు వేయబోతే కీచుమంది. జగదీశ్ ముఖం మాడిపోయింది.

"అన్నా, అడుగుదాకా పోతలేదు."

జర గట్టిగ తొక్కు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, కారు పక్కకు ఆపమన్నాను. నూనె చూస్తే నిండుగానే ఉంది. గొట్టం ఎక్కడా కారడం లేదు. నాకేమీ తోచలేదు. నడిరోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని తలుపు లోంచి తల దూర్చి చూశాను.

పెడల్ కింద కొబ్బరి పీచు చాప. ఇంజను వేడి కాలికి తగలకుండా వాళ్లమ్మ ఆ పొద్దున్నే వేయించిందట. దాని అంచు మడతపడి పెడల్‌కు అడ్డం వస్తున్నది. లాగి బయటికి తీశాను.

"ఇప్పుడు తొక్కు. కాలేమంటున్నది?"

తొక్కి చూశాడు. వదిలాడు. మళ్లీ తొక్కాడు. "మంచిగున్నది" అన్నాడు. నేను ఎక్కబోతుంటే చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఎక్కకు అన్నా."

"అరే, మీ బాపు నన్ను పక్కన కూసొమ్మన్నడు గదా."

"తెలుసు. జర ఫికర్ చెయ్యకు. ఒక్కణ్ణే పోత."

ఏం చేయాలో నాకు తోచలేదు. తండ్రికి మాటిచ్చింది నేను. కొడుకు మాట రెండుసార్లు వినంది కూడా నేనే. నేను తేల్చుకునేలోపే పెడల్ వదిలాడు, కారు మెత్తగా కదిలింది. నయాపూల్ మీద పోలీసు చేయి ఎత్తడం కనిపించింది, కారు ఆగింది. చేయి దిగింది. కారు అందరితోపాటే కదిలి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లిపోయింది.

అందుకే నన్ను కేబులా, నూనెనా అని అడగకండి. కేబుల్ తెగే ముందు ఒక్కో పోగు తెగుతూ కంటికి కనిపిస్తుంది, కానీ బరువు. నూనె తేలిక, కానీ లోపల ఏం జరుగుతున్నదో పైకి కనబడదు. ఒక్కోసారి ఆ మొదటి బండికే ఇంకో అంగుళం దగ్గర సరైన కొలత దొరికేదేమో అనిపిస్తుంది, అప్పుడు నయాపూల్ మీద ఏదీ జరిగేది కాదు. ఒక్కోసారి అలా అనుకోవడం పిచ్చి అనిపిస్తుంది. నాకు తేలింది ఒక్కటే. తొక్కేవాడు చెప్పింది విని, పెడల్ కిందికి వంగి చూడాలి.

చాప చేతిలో పట్టుకుని నడుచుకుంటూ లాడ్ బజార్ తిరిగొచ్చాను. నన్నొక్కణ్ణే చూసి సేఠ్ దిగ్గున లేచాడు.

"పిలగాడేడి?"

"పోయిండు సేఠ్."

"ఎవరితోని?"

"ఎవరితోని లేదు. ఒక్కడే. నన్ను ఎక్కొద్దన్నడు."

నన్ను తిట్టాలో ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. అప్పుడు నా చేతిలో ఉన్నది చూశాడు.

"గిదేంది?"

"పెడల్‌కు అడ్డమొస్తుండె. కాలు చెప్పింది, తీసిన."

సేఠ్ ఆ చాపను తీసుకుని, దుమ్ము దులిపి, మడిచి గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఇద్దరం వీధి వైపు చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక జనం మధ్యలోంచి కారు మెల్లగా వచ్చి దుకాణం ముందు ఆగింది. అలవాటుకొద్దీ పనివాళ్లిద్దరు దింపడానికి పరుగెత్తబోయారు.

"ఆగున్రి" అన్నాడు సేఠ్. "దిగుతడు."